కువైట్‌లో జీతం, ఊళ్లో పాత పాస్‌బుక్: ఏ అకౌంట్ ఉంచుకోవాలి, ఏది మార్పించుకోవాలి?

ప్రశ్న: "మాది ఉదయగిరి దగ్గర పల్లె. కువైట్‌లో డ్రైవర్ పనికి వచ్చి మూడున్నరేళ్లయింది. ఊళ్లో 2012లో తీసిన మామూలు సేవింగ్స్ అకౌంట్‌లోకే ఎక్స్ఛేంజి నుంచి డబ్బు వేస్తున్నాను. నాలుగెకరాల కౌలు డబ్బు కూడా అందులోనే పడుతుంది. కొంత డిపాజిట్ చేశాను. ఇప్పుడు బ్యాంకు వాళ్లు కేవైసీ ఇమ్మంటున్నారు. రూమ్‌లో ఒకరు ఎన్ఆర్ఈ తియ్యమంటారు, ఒకరు ఎన్ఆర్ఓ అంటారు, ఇంకొకాయన అసలేమీ చెప్పొద్దు, చెబితే ఫైన్ వేస్తారంటాడు. ఇక్కడి నుంచే తీయొచ్చా? వచ్చే నెల నా భార్య కూడా ఇంటిపని వీసా మీద వస్తోంది. ఆమెకీ వేరే అకౌంట్ కావాలా?"

తమ్ముడూ, నేను బ్యాంకులో 31 ఏళ్లు చేసి 2021లో రిటైరయ్యాను. ఉదయగిరి, కనిగిరి, కావలి, ఆఖరున నెల్లూరు. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నెల్లూరు రొట్టెల పండగలో కోరిక కోరుకుని స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకుని గల్ఫ్ వెళ్లినవాళ్లు, సెలవుకొచ్చి మళ్లీ రొట్టె వదిలేటప్పుడు పనిలో పనిగా బ్యాంకుకీ వచ్చేవాళ్లు. మీ రూమ్‌లో మొదటి ఇద్దరూ చెప్పింది చెరి సగం నిజం. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ రెండూ విదేశాల్లో ఉండే మనవాళ్ల అకౌంట్లే, తేడా కింద చెబుతాను. మీకు రెండూ కావాలి. మూడో ఆయన మాట మాత్రం చెవిన పెట్టకండి.

ముందు ఆ ఫైన్ సంగతి తేల్చేద్దాం. బ్యాంకు అకౌంట్ల విషయంలో లెక్కలోకి వచ్చేది 1999 నాటి ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం. దాని ప్రకారం ఉద్యోగం కోసం మీరు చెన్నైలో విమానం ఎక్కిన రోజే నాన్ రెసిడెంట్ (ఇక్కడ నివాసం లేనివారు) అయిపోయారు. 182 రోజులు దాటాలి కదా అని చాలామంది అడుగుతారు. అది ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల లెక్క, దాన్ని దీనితో కలపకూడదు. నాన్ రెసిడెంట్ అయ్యాక మీ పేరున మామూలు సేవింగ్స్ అకౌంట్ ఉండకూడదు. అలాగని మూసెయ్యక్కర్లేదు, ఎన్ఆర్ఓగా మార్చమని రాసిస్తే చాలు. చట్టంలో జరిమానా ఉన్నమాట నిజమే, ఉల్లంఘించిన మొత్తానికి మూడు రెట్ల దాకా వేయొచ్చని రాసి ఉంది. కానీ ఆలస్యంగానైనా తనంతట తాను వచ్చి మార్పించుకున్నవాడిని నిలబెట్టి ఫైన్ కట్టించిన కేసు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. కేవైసీ అడిగినప్పుడు కూడా "ఇక్కడే ఉన్నాను" అని సంతకం పెట్టి ఇవ్వడం మాత్రం వేరే సంగతి. అది తెలిసి చెప్పిన అబద్ధం అవుతుంది. ఆ పని చేయకండి.

ఇప్పుడు ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ. చాలామంది దీన్ని వడ్డీ రేటు తేడా అనుకుంటారు. అసలు తేడా డబ్బు ఎక్కడ పుట్టిందన్నది. కువైట్‌లో సంపాదించి అక్కడి నుంచి పంపిన డబ్బు ఎన్ఆర్ఈలోకి రావాలి. కౌలు, ఇంటి అద్దె, ఎవరో తీర్చిన చేబదులు, ఊళ్లో స్థలం అమ్మితే వచ్చింది, ఇలా ఇక్కడ పుట్టిన ప్రతి రూపాయీ ఎన్ఆర్ఓలోకి. ఎన్ఆర్ఈ నుంచి ఎన్ఆర్ఓకి ఎప్పుడైనా, ఎంతైనా మార్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. ఎన్ఆర్ఓ నుంచి ఎన్ఆర్ఈకి ఎదురెక్కాలంటే మాత్రం పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, ఆన్‌లైన్ డిక్లరేషన్ (ఇన్నాళ్లూ 15సీబీ, 15సీఏ అని పిలిచినవి) అడుగుతారు. ఏడాదికి 10 లక్షల డాలర్ల పరిమితి కూడా ఉంది. పరిమితితో మనకు పేచీ లేదు, మన డబ్బు దాని దరిదాపులకు రాదు. నొప్పి అంతా ఆ కాగితాలతోనే.

మీరు మూడున్నరేళ్లుగా చేసింది చూడండి. దినార్లు, కౌలు ఒకే అకౌంట్‌లో పోశారు. సముద్రం పక్కన రొయ్యల గుంటలోంచి ఉప్పునీళ్లు పక్క మడిలోకి దిగితే, ఇది మంచినీరు, ఇది ఉప్పునీరు అని విడదీయగలమా? ఆ అకౌంట్ ఎన్ఆర్ఓగా మారినప్పుడు అందులో ఉన్నదంతా ఎన్ఆర్ఓ డబ్బే అవుతుంది, డిపాజిట్‌తో సహా. ఎక్స్ఛేంజి రసీదులు చూపించి "ఇది నా కువైట్ జీతం, ఎన్ఆర్ఈలో వెయ్యండి" అంటే కౌంటర్‌లో కుదరదు. జరిగిందేదో జరిగింది. వచ్చే జీతం నుంచి దారి మారిస్తే చాలు.

"నేను ఎటూ ఊరికే వచ్చేస్తాను, డబ్బు మళ్లీ బయటికి పంపే పని నాకేముంది, ఎన్ఆర్ఈ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కువైట్‌లో ఉన్న డ్రైవర్‌కి, మేస్త్రీకి తిరిగి బయటికి పంపే సదుపాయం పెద్దగా అక్కరకు రాదు. ఎన్ఆర్ఈ పనికొచ్చేది పన్ను దగ్గర. పది లక్షలు డిపాజిట్ చేశారనుకోండి, వడ్డీ 7 శాతం అనుకుందాం. ఏడాదికి 70,000. ఎన్ఆర్ఈలో అయితే మీరు ఫెమా ప్రకారం నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం ఆ వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, 70,000 మీ చేతికే. ఎన్ఆర్ఓలో అయితే 30 శాతం, దాని మీద సెస్సు కలిపి 31.2 శాతం బ్యాంకు ముందే పట్టుకుంటుంది. అంటే 21,840 పోయి 48,160 వస్తుంది. మామూలు డిపాజిట్‌కి ఉన్నట్టు "ఇంత దాటితేనే కోత" అనే మినహాయింపు దీనికి లేదు, మొదటి రూపాయి నుంచే పట్టుకుంటారు. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ప్రతి ఏడాదీ ఆడిటర్ చుట్టూ మీ తరఫున ఎవరు తిరుగుతారు?

ఇక్కడే ఒక పొరపాటు ఊళ్లో అలవాటుగా జరుగుతుంది. ఏప్రిల్ రాగానే అందరి డిపాజిట్లకూ వడ్డీలో పన్ను కోయొద్దని ఇచ్చే ఫారం (ఇన్నాళ్లూ 15జీ అని పిలిచినది) నింపి ఇచ్చేస్తారు, నాన్న వెళ్లి కొడుకు సంతకం కూడా తనే పెట్టేసి మరీ. ఆ ఫారం ఇక్కడ ఉండేవాళ్లకే, ఎన్నారై ఇవ్వకూడదు. మీ డిపాజిట్ మీద ఎవరైనా ఇచ్చారేమో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి.

పాన్ కూడా చూసుకోండి. ఆధార్‌తో లింక్ కాని పాన్ కార్డులు 2023 జూలై 1 నుంచి పనిచేయకుండా పోయాయి. ఎన్నారైలకు లింక్ తప్పనిసరి కాదు, కానీ మీరు ఎన్నారై అని ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌కి తెలియాలి కదా, అక్కడ మీరింకా ఊళ్లోనే ఉన్నట్టు ఉంటుంది. మీకు ఆధార్ ఉంది కాబట్టి వెయ్యి రూపాయలు కట్టి లింక్ చేసేసుకోవడం సులువు. పాన్ చచ్చిపడి ఉంటే రీఫండ్ రాదు.

ఇక తెరవడం. కువైట్ నుంచే అవుతుంది. బ్యాంకు సైట్‌లో ఎన్ఆర్ఐ ఫారం నింపి, పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, పాన్ కాపీలు, ఫోటో, అక్కడి అడ్రసు రుజువు పంపాలి. కాపీల మీద భారత రాయబార కార్యాలయం అటెస్టేషన్ గానీ, ఆ బ్యాంకు ఒప్పుకునే నోటరీ సంతకం గానీ అడుగుతారు. ఏ దేశంలో పన్ను కట్టేవాడివో చెప్పే ఫాట్కా డిక్లరేషన్ ఒకటి ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు, కువైట్ అని రాయండి. ఇదంతా అవుతుంది గానీ నా సలహా వేరు. మూణ్నాలుగు నెలల్లో సెలవు ఉంటే అప్పుడు వచ్చి బ్రాంచిలో కూర్చుని చేయించుకోండి. కొరియర్‌లో పంపితే ఒక సంతకం తేడా ఉందని వెనక్కొస్తుంది, మళ్లీ పంపితే ఇంకోటి. ఆ లోపు మీ సెలవే వచ్చేస్తుంది. బ్రాంచి కూడా పల్లెలోది కాకుండా కావలి, ఆత్మకూరు, నెల్లూరు లాంటి చోట ఎన్ఆర్ఐ పని రోజూ చేసే బ్రాంచి పట్టుకోండి. చిన్న బ్రాంచిలో పిల్లలు మంచివాళ్లే, కానీ ఏడాదికి ఒకటో రెండో ఎన్ఆర్ఈ అకౌంట్లు చూసినవాడికి ప్రతిదీ అనుమానమే.

ఆ అనుమానాల్లో కువైట్‌కి ప్రత్యేకమైనది ఒకటుంది. కౌంటర్‌లో పాస్‌పోర్టు తిరగేసి "వీసా ఏదీ? అకామా (అక్కడ ఉండే అనుమతి) స్టాంప్ ఏదీ?" అంటారు. 2019 మార్చి నుంచి కువైట్ పాస్‌పోర్టులో అకామా స్టిక్కర్ అంటించడం మానేసింది, సివిల్ ఐడీనే ఆధారం. మీరు బతాకా అంటారే, అదే. దాని మీద ఇంగ్లీషులోనూ ఉంటుంది కాబట్టి ముందూ వెనకా కాపీ తీసి ఇవ్వండి, గడువు తేదీ కనబడేట్టు. ఇంకా నమ్మకపోతే మేనేజర్‌తో ఒక్క ముక్క చెప్పండి, పై ఆఫీసుకి ఫోన్ చేస్తే తేలిపోతుంది.

పేరు, సంతకం. నా అనుభవంలో సగం ఫైళ్లు ఆగేది ఇక్కడే. కావలిలో ఒకతను వచ్చాడు. పాస్‌బుక్‌లో "ఎస్‌కే" అని రెండక్షరాలు, తర్వాత పేరు. పాన్‌లో "షేక్" అని పూర్తిగా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో. పైగా బ్యాంకులో 2004లో పెట్టిన సంతకం తెలుగులో, గుండ్రంగా, బడిలో నేర్చుకున్నట్టు. పాస్‌పోర్టులో పెట్టింది ఇంగ్లీషులో ఒక గీత. "రెండూ నేనే సార్" అంటాడు. ఆయనే, నాకు తెలుసు. కంప్యూటర్‌కి తెలియదు. అప్పటికి అతని సెలవు ఇంకా నాలుగు రోజులుంది. కొత్త సంతకం కార్డు, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, పాన్‌లో దిద్దుబాటు, ఇవన్నీ అయ్యేసరికి అతను మళ్లీ విమానం ఎక్కేశాడు. అకౌంట్ తెరుచుకుంది మరుసటి ఏడాది. మీరు అక్కడి నుంచే ఇప్పుడు పాస్‌బుక్ మొదటి పేజీ, పాన్, పాస్‌పోర్టు, బతాకా నాలుగూ పక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే పాస్‌పోర్టు పేరుకి మిగతావి మార్పించుకోండి, పాస్‌పోర్టు జోలికి పోవద్దు.

ఎన్ఆర్ఈలో డిపాజిట్ కనీసం ఏడాదికి వేయాలి. ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ ఒక్క రూపాయి కూడా రాదు, మామూలు డిపాజిట్‌లా తక్కువ రేటైనా ఇస్తారనుకోవద్దు. అందుకే మొత్తం ఒకే రసీదు మీద పెట్టకుండా రెండు మూడు ముక్కలు చేసి వేయండి, పెళ్లో ఆసుపత్రో వస్తే ఒకటే తీసుకోవచ్చు. ఎఫ్‌సీఎన్ఆర్ అని ఇంకొకటి ఉంది, విదేశీ కరెన్సీలోనే ఒకటి నుంచి ఐదేళ్ల డిపాజిట్. డాలర్, పౌండ్, యూరో లాంటివాటిలో తీసుకుంటారు. ఖర్చంతా రూపాయల్లో పెట్టే ఇంటికి దాని అవసరం నాకు కనబడదు. బ్యాంకు ఎంత పెద్దదైనా డిపాజిట్ బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ రెండూ కలిపి లెక్క. చిన్న కోఆపరేటివ్ బ్యాంకులో అర శాతం ఎక్కువ ఇస్తున్నారని ఉన్నదంతా పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

అకౌంట్ తెరిచాక అసలు తలనొప్పి సిమ్ కార్డు. నవ్వకండి. బ్యాంకులో ఇచ్చిన ఊరి నంబర్ ప్రీపెయిడ్‌ది, 90 రోజులు దేనికీ వాడకపోతే కంపెనీ దాన్ని తీసేసి ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు ఎవరి ఫోన్‌కో పోతాయి. ఆ నంబర్ మీ అమ్మగారి ఫోన్‌లో రెండో సిమ్‌గా వేయించి, నెలనెలా చిన్న రీచార్జి చేయిస్తూ ఉండండి. కానీ ఓటీపీ చదివి చెప్పమని ఎవరు అడిగినా చెప్పొద్దని ఆమెకి గట్టిగా చెప్పండి, మీ గొంతు వింటేనే చెప్పమనండి. సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్‌లో ఉన్నవాళ్లకు ఈ బాధ కొంత తీరింది. 2023లో విదేశీ నంబర్ల మీద ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ అకౌంట్లకు యూపీఐ ఇచ్చినప్పుడు మొదటి పది దేశాల్లో అవి ఉన్నాయి. ఆ పదిలో కువైట్ లేదు. మీ బ్యాంకు యాప్ 965తో మొదలయ్యే కువైట్ నంబర్‌ని ఒప్పుకుంటుందేమో ఒకసారి చూడండి, కనీసం మెసేజ్‌లు ఆ నంబర్‌కీ, ఈమెయిల్‌కీ వచ్చేట్టు పెట్టుకోండి.

ఎక్స్ఛేంజిలో మీ పేరు మీద సేవ్ అయి ఉన్న వివరాలు కూడా ఒకసారి తీయించి చూడండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిశాయి. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఇంటింటికీ ఉన్న ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1న మిగతా మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డులు మారాయి, పాత పాస్‌బుక్‌లు మాత్రం ఇంకా బీరువాల్లో పసుపు బొట్టుతో ఉన్నాయి. ఆ పాత పుస్తకం ఫోటో చూసి పాత ఐఎఫ్ఎస్‌సీ కొడితే డబ్బు వెళ్లదు, వెళ్లినట్టు కనబడి వారం తర్వాత వెనక్కొస్తుంది.

రేటు రూపాయి ఎక్కువ ఇస్తామని హుండీ వాళ్లు, అంటే బ్యాంకుతో పని లేకుండా డబ్బు చేరవేసేవాళ్లు, మీ క్యాంపు చుట్టూ తిరుగుతుంటారు. పూర్వం ఇంటికి నోట్ల కట్ట తెచ్చి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఎవరో తెలియని మనిషి అకౌంట్ నుంచి మీ వాళ్ల అకౌంట్‌లో వేయిస్తున్నారు. ఆ తెలియని మనిషి డబ్బు ఏ సైబర్ మోసంలోదో అయితే, ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసు రాసిన ఉత్తరానికి మీ ఇంటివాళ్ల అకౌంట్ ఇక్కడ ఆగిపోతుంది. దాన్ని విడిపించడానికి కనిగిరిలో ఒక కుటుంబం ఎనిమిది నెలలు తిరిగింది. పోయిన డబ్బు కంటే ఆ తిరుగుడికే ఎక్కువైంది. అలా వచ్చిన డబ్బు ఎన్ఆర్ఈలోకి కూడా రాదు.

ఇక మీ ఆవిడ సంగతి. ఆమెకి అకౌంట్ కావాలా అని అడిగారు. కావాలి, ఆమె పేరు మీదే కావాలి, ఆమె జీతం అందులోకే రావాలి. మీ మీద అనుమానంతో అనడం లేదు. ఉదయగిరిలో ఉన్నప్పుడు ఒకామె వచ్చింది. ఆరేళ్లు కువైట్ ఇళ్లలో చేసి ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చేసింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్స్ఛేంజి రసీదులు, నెలల వారీగా పేర్చి, ఏడాదికొక రబ్బరు బ్యాండు. "ఇందులో ఎంతుందో లెక్క చెప్పండి సార్, నాకు చదువు రాదు" అంది. ప్రతి రసీదు మీదా మరిది అకౌంట్ నంబర్. ఆమె సొంత పాస్‌బుక్ తీసి ప్రింటు వేస్తే బ్యాలెన్స్ 340 రూపాయలు, అదీ ఎప్పుడో డ్వాక్రా సంఘంలో ఉన్నప్పటిది. మరిది అకౌంట్‌లో పడిన డబ్బు బ్యాంకుకి మరిదిదే, ఆ పైన నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆమె రసీదులన్నీ మళ్లీ అదే వరసలో సర్దుకుని, ఒక బ్యాండు తెగితే కొంగు పోగు చింపి కట్టుకుని వెళ్లింది.

కాబట్టి ఆమె బయల్దేరక ముందే ఈ పనులు ఊళ్లో చేయించండి. ఆమె సేవింగ్స్ అకౌంట్‌లో పేరు పాస్‌పోర్టుతో కలిసేట్టు కేవైసీ, ఫోన్ నంబర్, నామినీ, డెబిట్ కార్డు. అక్కడికి వచ్చి సివిల్ ఐడీ చేతికి వచ్చాక దాన్ని ఎన్ఆర్ఓ చేయించి, కొత్తగా ఎన్ఆర్ఈ తీయొచ్చు. పాస్‌పోర్టు, వీసా కాగితాల ఫోటోలు ముందే ఆమె ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి. ఇంటిపని వీసా వాళ్ల పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) బీరువాలోకి పోతే అటెస్టేషన్ రోజున అడిగి తీసుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. డ్వాక్రా లోన్ ఏమైనా మిగిలి ఉంటే సంఘం లీడర్‌తో మాట్లాడి కిస్తీ ఎవరు కడతారో తేల్చుకుని రమ్మనండి. గ్రూపు అకౌంట్ గ్రూపుదే, ఆమె ఎన్నారై అయినంత మాత్రాన అది మారదు.

ఇంటి ఖర్చులకు ఎన్ఆర్ఈ నుంచి ఎవరు తీయాలి? దీనికి రెండు దారులున్నాయి. మీ అమ్మగారిని జాయింట్‌గా చేర్చుకోవచ్చు, కానీ "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలోనే. అంటే మీరు ఉన్నంతకాలం అకౌంట్ మీదే, తర్వాతే ఆమెది. లేకపోతే మ్యాండేట్ రాసిచ్చి ఆమెను ఊళ్లో చెల్లింపులకు అనుమతించవచ్చు. ఆ కాగితంతో ఆమె డబ్బు తీసి ఖర్చు పెట్టగలదు గానీ, మీ తరఫున ఎవరికీ గిఫ్ట్ ఇవ్వలేదు, కొత్త అకౌంట్ తెరవలేదు. నిజం చెప్పాలంటే నేనైతే ఈ రెండూ చేయను. నెల ఖర్చుకు ఎంతో అంత అమ్మగారి మామూలు సేవింగ్స్ అకౌంట్‌కి ఎన్ఆర్ఈ నుంచి నెలనెలా ఆటోమేటిక్‌గా పోయేట్టు పెట్టేసి, మిగిలింది ఎవరి చెయ్యీ తగలకుండా ఉంచుతాను. కొడుకు తల్లికి పంపేదాని మీద ఆమెకి పన్ను పడదు. నామినీ మాత్రం మర్చిపోవద్దు. 2025 నవంబర్ 1 నుంచి నలుగురిని పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు.

కౌలు డబ్బు ఎన్ఆర్ఓలో పడనివ్వండి. పొలం మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమే, దానికి పన్ను లేదు. అయితే అదే అకౌంట్‌లో ఆ ఒక్క జమా ఏడాదికోసారి పడుతోంది కదా అని వదిలేయకండి. రెండేళ్లు మీ వైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే అకౌంట్ ఇనాపరేటివ్ అవుతుంది. బ్యాంకు తనంతట తాను వేసే వడ్డీ లెక్కలోకి రాదు. పదేళ్లు దాటితే డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి పోతుంది, అప్పుడూ తెచ్చుకోవచ్చు గానీ మళ్లీ తిరగాలి. ఆరు నెలలకోసారి వంద రూపాయలైనా అటూ ఇటూ కదిలించండి. మీ నాన్నగారి పేరున మర్చిపోయిన అకౌంట్లు ఏవైనా ఉన్నాయేమో ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి, రిజర్వ్ బ్యాంకు పెట్టినదే, ఉచితం.

పొలం మాట వచ్చింది కనుక ఇంకొకటి. ఎన్ఆర్ఈలో నాలుగు డబ్బులు కనబడగానే ఊళ్లో బ్రోకర్లు ఫోన్ చేస్తారు. ఇంటి స్థలం, ఇల్లు, ఫ్లాట్ మీ పేరున కొనొచ్చు. వ్యవసాయ భూమి ఎన్నారై కొనకూడదు. తాత తండ్రుల నుంచి వచ్చింది ఉంచుకోవచ్చు. మీ నాలుగెకరాలూ అలా వచ్చిందో, వెళ్లకముందు కొన్నదో అయి ఉంటే ఇబ్బంది లేదు. స్థలం అమ్మేటప్పుడు కొనేవాడు మామూలుగా పట్టే 1 శాతం టీడీఎస్ కాకుండా ఎన్నారై రేటులో పట్టాలి. ఇది తెలియక రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద తగాదాలు చూశాను. అమ్మే ముందు ఒక ఆడిటర్‌కి రెండు వేలు ఇచ్చి అడగండి.

అమెరికాలో ఉన్న నెల్లూరు పిల్లలు కూడా ఇది చదువుతారని తెలుసు. మీకు ఇక్కడ పన్ను లేని ఎన్ఆర్ఈ వడ్డీ అక్కడ ఆదాయమే, చూపించాలి. బయటి దేశాల అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు అక్కడి ప్రభుత్వానికి వేయాలి. కువైట్‌లో జీతం మీద పన్ను లేదు కాబట్టి ఈ తమ్ముడికి ఆ గొడవ లేదు.

చివరిగా, ఎగ్జిట్ కొట్టించుకుని ఇక ఊళ్లోనే ఉండిపోదామని వచ్చినప్పుడు మళ్లీ బ్యాంకుకి చెప్పాలి. వచ్చీ రాగానే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ రెండూ మామూలు అకౌంట్లుగా మారాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ గడువు ఇంకా ఉన్నా, మీరు ఉండిపోవడానికి వచ్చిన రోజు నుంచి దాని వడ్డీకి పన్ను మినహాయింపు పోతుంది. అందుకని, తిరిగి వచ్చే ఏడాది తెలిసి ఉంటే డిపాజిట్ల గడువు ఆ తేదీకి దగ్గర్లో తీరేట్టు వేసుకోండి. సెలవుకి రెండు నెలలు వచ్చి వెళ్లడం దీని కిందికి రాదు.

ఇప్పటికి మీరు చేయాల్సింది మాత్రం రెండు ఫోన్లు. ఒకటి బ్రాంచికి, కేవైసీకి ఎంత గడువు ఇచ్చారో కనుక్కుని, కువైట్‌లో ఉన్నాను, ఎన్ఆర్ఓగా మార్చాలి అని ఈమెయిల్ కూడా పెట్టండి, గడువు దాటి అకౌంట్ ఆపకుండా ఆ మెయిల్ పనికొస్తుంది. రెండోది ఇంటికి, ఆ 15జీ గురించి.